హీరోగారి ఉపాధి హామీ పథకం

పల్లెటూరి కూలీలకు ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. తెలుగు సినిమా హీరోకి ఆ హామీ అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే ఉంది. చెరువు తెగనీ, పెళ్ళి ఆగనీ, విలన్ తుమ్మనీ, మధ్యలో హీరోకి పని చూపించి తీరాలి. జాబ్ కార్డు అక్కర్లేదు, మస్టర్ రోల్లో వేలిముద్ర అక్కర్లేదు, కూలి డబ్బులు పడ్డాయా లేదా అని ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. పైగా అడ్వాన్సు ముందే ముడుతుంది.

ఇంత పకడ్బందీ పథకానికి గండి కొట్టగలిగిన కథ ఒక్కటుంది. ఒకమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించడం.

మీరే ఆలోచించండి, అందులో హీరోగారు ఏం చేస్తారు? వెంటపడదామంటే ఆమెకి ఇతగాడంటే ఇష్టం లేదు. (ఇష్టం లేకపోవడం మన హీరోని ఏనాడూ ఆపలేదు, నిజమే. కానీ ఇక్కడ సెకండాఫ్‌లో కూడా ఇష్టం పుట్టదు.) ఆమె తండ్రిని ఎదిరిద్దామంటే ఆ పని ఆమే చేసేసింది. పోనీ త్యాగం చేద్దామంటే తనకు దక్కినదేమైనా ఉంటే కదా త్యాగం చెయ్యడానికి! స్విట్జర్లాండ్ మంచులో పాట పాడడానికి కూడా అక్కడ ఇద్దరు ఆల్రెడీ ఉన్నారు. పాపం, ఆరడుగుల మనిషి, జిమ్‌లో చెమటోడ్చి కట్టిన కండలు, చేతులు కట్టుకుని కూర్చోవాలి.

దీన్నే మనవాళ్ళు సంస్కృతికి ముప్పు అంటున్నారు. నాకైతే ఇది అచ్చంగా కార్మిక సమస్యలా కనిపిస్తోంది.

ఎందుకంటే తెర మీద ఆడవాళ్ళు ఇద్దరుంటే మన సంస్కృతికి ఎప్పుడూ అభ్యంతరం లేదు. శోభన్‌బాబు ఇద్దరు భార్యల మధ్య నలిగిపోతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు రిక్షాలు కట్టించుకుని వెళ్ళి, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ చూశారు. 'ఇద్దరు పెళ్ళాల ముద్దుల పోలీస్' అని పేరు పెట్టి పోస్టరేస్తే ఏ సంఘమూ ధర్నా చెయ్యలేదు. భార్య ఉండగా రెండో పెళ్ళి హిందూ వివాహ చట్టం వచ్చిన 1955 నుంచీ చెల్లదు, పైగా నేరం. ఆ నేరం మనకి ఫ్యామిలీ ఎంటర్‌టైనర్. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలతో కూర్చుని నేరం కాదని తేల్చిన ప్రేమ మాత్రం మనకి అసభ్యం. ఇద్దరాడవాళ్ళకి ఒక మగాణ్ణి కలిపితే వినోదం, ఆ ఒక్కణ్ణీ తీసేస్తే విడ్డూరం.

టీవీ సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి భోజనాల వేళకి ప్రతి ఇంట్లోనూ ఒకత్తగారు కోడలి పాలగ్లాసులో ఏదో కలుపుతూ ఉంటుంది. తోడికోడలు మెట్ల మీద నూనె పోస్తుంది. ఆడపడుచు కిడ్నాపర్లకి ఫోన్ చేస్తుంది. తాతగారు, మనవరాలు పక్కపక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ చూస్తారు. ఇద్దరాడవాళ్ళు ఒకరినొకరు చంపుకోవాలని వెయ్యి ఎపిసోడ్లు ప్రయత్నిస్తే అది కుటుంబ కథ. అదే ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు రెండు నిమిషాలు పట్టుకుంటే పిల్లల్ని అవతలి గదిలోకి పంపించాలి.

తోడికోడళ్ళంటే గుర్తొచ్చింది. దీపా మెహతా 'ఫైర్' కూడా తోడికోడళ్ళ కథే. ఢిల్లీలో ఉమ్మడి కుటుంబం, పెద్దకోడలు షబానా అజ్మీ, చిన్నకోడలు నందితా దాస్. పెద్దాయన ఒక స్వామీజీని నమ్ముకుని బ్రహ్మచర్యం పట్టాడు. చిన్నాయన మనసు ఇంకో అమ్మాయి దగ్గరుంది. అంటే ఇంట్లో ఉన్న ఇద్దరు మగాళ్ళూ తమంతట తామే డ్యూటీ ఎగ్గొట్టారన్నమాట. వాళ్ళని నిలదీయాలని ఎవరికీ తోచలేదు. పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారని మాత్రం 1998 డిసెంబరులో బొంబాయిలో థియేటర్ అద్దాలు పగిలాయి, మర్నాడు ఢిల్లీలో. సినిమాని మళ్ళీ సెన్సార్‌కి పంపారు. సెన్సార్ వాళ్ళు మళ్ళీ చూసి, ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా వెనక్కిచ్చేశారు. మొదటిసారి మాత్రం వాళ్ళూ ఒక జాగ్రత్త తీసుకున్నారు లెండి. హిందీ ప్రింటులో చిన్నకోడలి పేరు సీత తీసేసి నీత అని పెట్టించారు. సంస్కృతి దాంతో గట్టెక్కింది. పెద్దకోడలి పేరు రాధ, దాన్ని ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు. బహుశా రాధ విషయంలో ముందునుంచీ ఎవరికీ పెద్ద ఆశలు లేవేమో.

ఆ గొడవ చూసి బొంబాయి వాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు. ఇలాంటి కథ తియ్యాలంటే ముందు మగాళ్ళకి పని కల్పించాలి. అలా కల్పించి, మెత్తగా, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా తీసిన సినిమా 'ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా'. సుప్రీంకోర్టు తీర్పొచ్చిన అయిదు నెలలకి, 2019 ఫిబ్రవరి 1న విడుదలైంది. దర్శకురాలు షెల్లీ చోప్రా ధర్. ఆమెతో కలిసి రాసిన గజల్ ధాలీవాల్ ట్రాన్స్ మహిళ. కథ జరిగేది పంజాబులోని మోగా అనే ఊళ్ళో.

ఆ సినిమా అంటే నాకు ఇష్టమే, ముందే చెప్తున్నాను. అందులో తండ్రి బల్బీర్ పాత్ర అనిల్ కపూర్ చేశాడు. ఊళ్ళో లోదుస్తుల ఫ్యాక్టరీ ఓనరు, పెద్దమనిషి. ఆయనకి వంట పిచ్చి. మగాడు గరిటె పట్టుకుంటే ఇంటి పరువేం కానని తల్లి బీజీ గుడ్లురుముతుంది. అందుకని అంత పెద్దమనిషీ తన సొంత వంటింట్లోకి తనే దొంగలా దూరాల్సి వస్తుంది. ఒకే ఇంట్లో తండ్రికి వంటింటి రహస్యం, కూతురికి ప్రేమ రహస్యం. జుహీ చావ్లా క్యాటరింగ్ నడుపుకుంటూ నటించాలని కలలు కనే చత్రో. పాటొచ్చిన ప్రతిసారీ గంతులెయ్యకుండా, ఇంటి నిండా మనుషులు, వాళ్ళ చిన్న చిన్న ఆశలు, కాస్త అల్లం వాసన. ఎవరూ ఎవర్నీ నరకరు. ఇలాంటి సినిమాలు మనకి ఏడాదికొకటి వచ్చినా మన రక్తపోటు తగ్గేది.

కానీ పథకం దగ్గర రాజీ లేదు. కూతురు స్వీటీ ప్రేమించింది కుహూ అనే అమ్మాయిని. ఆ మాట స్వీటీ నోటితో మనకి తెలియడానికి సినిమాలో సగం కరిగిపోవాలి. అందాకా మనం చూసేది ఆమె వెంట మోగా దాకా వచ్చిన నాటక రచయిత సాహిల్ మీర్జాని, అంటే రాజ్‌కుమార్ రావుని. ఆమె మనసులో ఎవరో మగాడున్నాడని, అతను ముస్లిమని ఇంట్లోవాళ్ళ అనుమానం. అదొక్కటే పెద్ద ప్రళయమని వాళ్ళు లబోదిబోమంటుంటే స్వీటీ అన్న మాత్రం నోరు విప్పడు, అతనికి అసలు విషయం తెలుసు. చెల్లెలు అమ్మాయిని ప్రేమించిందనే దానికన్నా ముస్లింని ప్రేమించిందనడమే ఇంట్లో చెప్పుకోదగ్గ కబురని వాడి అంచనా. ఈ ఒక్క మలుపు కోసం ఆ సినిమా రాసినవాళ్ళకి ఏ దండ వేసినా తప్పులేదు.

తర్వాత సాహిల్‌కి విషయం తెలుస్తుంది. హీరోయిన్ దక్కదని తెలిశాక కూడా హీరో ఇంటికి వెళ్ళడు. వెళ్తే పథకం ఏం కావాలి? ఆ ప్రేమ మీద అతనే ఒక నాటకం రాస్తాడు. అమ్మాయిలిద్దరూ అతను రాసిన మాటలు స్టేజీ మీద పలుకుతారు. చూడ్డానికొచ్చినవాళ్ళలో కొందరు లేచి వెళ్ళిపోతారు. చివరికి తండ్రి మనసు కరుగుతుంది. రచన మగాడిది, అనుమతి మగాడిది. మధ్యలో ప్రేమ మటుకు ఆడవాళ్ళది, అదీ మిగిలిన టైమ్‌లో. కుహూగా నటించింది ఎవరో కాదు, మన రెజీనా. 2012లో 'శివ మనసులో శృతి' నుంచీ తెలుగులో ఎంతమంది హీరోల పక్కన నిలబడిందో లెక్కలేదు. ఒక అమ్మాయి పక్కన నిలబడడానికి మాత్రం పాపం మోగా దాకా రైలెక్కాల్సొచ్చింది. అక్కడ కూడా ఆమెకి దొరికినవి నాలుగు చిరునవ్వులు, ఒక పెళ్ళి సందడి, కాసిన్ని కన్నీళ్ళు. తండ్రిగారి వంటకిచ్చినంత తీరిక ఆమె ప్రేమకివ్వలేదు.

అయినా మనం బొంబాయిని వెక్కిరించడమేమిటి? మన రికార్డు చూద్దాం.

2018లో ప్రశాంత్ వర్మ 'అ!' తీశాడు. ధైర్యంగానే తీశాడు. రాధ అనే అమ్మాయి, ఈషా రెబ్బా, తల్లిదండ్రుల్ని హోటల్‌కి తీసుకొచ్చి నేను ప్రేమించింది క్రిష్‌నే అంటుంది. వాళ్ళు కాబోయే అల్లుడి కోసం గుమ్మం వైపు చూస్తుంటే నిత్యా మేనన్ వస్తుంది. క్రిష్ అంటే కృష్ణవేణి. అమ్మానాన్నల ముఖాలు అప్పుడు చూడాలి. రాధాకృష్ణుల మీద ఇంత చమత్కారం చేసి, ఎవరి అద్దాలూ పగలకుండా బయటపడ్డందుకు వర్మని మెచ్చుకోవాల్సిందే. హీరో లేని సినిమా కదా, పథకం సంగతేమిటని మీరడగొచ్చు. కంగారు పడకండి. అందులో ఒక చేపకి నాని గొంతు ఇచ్చాడు, ఒక బోన్సాయ్ మొక్కకి రవితేజ గొంతు ఇచ్చాడు. నిర్మాత కూడా నానీయే. ఆడవాళ్ళ కథలో మగాడికి పని లేకపోతే అక్వేరియంలోనో పూలకుండీలోనో అయినా చూపిస్తాం.

ఆ సినిమా చివరికొచ్చేసరికి తెలిసేదేమిటంటే, రాధ, కృష్ణవేణి, మిగతా మనుషులు అందరూ ఒకే అమ్మాయి మనసులో విడిపోయిన ముక్కలు. ఆ అమ్మాయికి జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే ఈ రకం ప్రేమని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మనం ఆ జంటకి జబ్బు తగిలించకుండా, తెలివిగా, ఆ జంటనే జబ్బు లక్షణాల్లో ఒకటి చేశాం. తెలుగు తెర మీద అంత ముద్దుగా కూర్చున్న ఆ ఇద్దరికీ రేషన్ కార్డు లేదు, అద్దె ఇల్లు లేదు. ఒక రోగి తలలో ఉచిత వసతి. ఆ సినిమాకి ఆ ఏడాదికిగాను జాతీయ అవార్డులు కూడా వచ్చాయి, మేకప్‌కీ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ.

ఇక రాంగోపాల్ వర్మ. ఆయన 2022లో 'మా ఇష్టం' అని ఇద్దరమ్మాయిల క్రైమ్ సినిమా తెచ్చాడు. పెద్ద మల్టీప్లెక్సులు వెయ్యనన్నాయని ఆయనే చాటాడు. కథలో మగాడు ప్రేమికుడు కాకపోతేనేం, కెమెరా వెనక ఉన్నాడు, ముందు వరసల్లో ఉన్నాడు, ఇద్దరికీ కంటినిండా పని. అదే ఏడాది మలయాళంలో 'మాన్‌స్టర్' వచ్చింది. హనీ రోజ్, మన మంచు లక్ష్మి ప్రేమించుకుంటారు, హత్యలు కూడా చేస్తారు. వాళ్ళని పట్టుకోవడానికి మోహన్‌లాల్ ఉన్నాడు. ఇదీ పద్ధతంటే. ప్రేమించుకున్న ఆడవాళ్ళు హంతకులైతే పోలీసుకి ఉపాధి, రోగులైతే డాక్టరుకి ఉపాధి. ఆరోగ్యంగా ఉండి, ఎవర్నీ చంపకుండా, సాయంత్రం కూరలు కొనుక్కుని ఇంటికొచ్చే ఆడవాళ్ళైతే ఎవరికి లాభం?

మగాడు కనపడకపోతే ఏమీ కనపడకపోవడం సినిమావాళ్ళ ఒక్కళ్ళ జబ్బనుకోకండి. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన, 1860లో తెల్లదొరలు రాసిన 377వ సెక్షన్ కూడా అంతే. ఎక్కడ పురుషాంగం లేదో అక్కడ ఆ సెక్షన్‌కి నేరమే తోచలేదు, దాని వివరణ ఆ తీరుగా రాసుకున్నారు. అలాగని ఆడవాళ్ళకి తెరిపి దొరికిందా అంటే, లేదు. ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి వెళ్తే ఇంట్లోవాళ్ళు పోలీసు స్టేషన్‌లో తప్పిపోయిందనో ఎత్తుకుపోయారనో కేసు పెడతారు. 2021లో మదురై నుంచి చెన్నైకి పారిపోయిన ఇద్దరమ్మాయిల కేసు మద్రాసు హైకోర్టుకొస్తే, జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకీ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసేముందు ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నాడు. హైకోర్టు జడ్జి! మన దగ్గర రెండు హిట్లు కొట్టిన డైరెక్టరు అసిస్టెంటు మాట కూడా వినడు.

మగవాళ్ళ మధ్య ప్రేమకైతే మన పరిశ్రమలో బడ్జెట్ కొదవ లేదు. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో వంతెన కింద నిప్పుల మధ్య చేతులు కలిపారు, కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకున్నారు, ఒకడి భుజాలెక్కి ఇంకొకడు యుద్ధం చేశాడు. ఆ చూపులకి అమెరికాలో కొందరు ఇంకో అర్థం చెప్పుకుంటే మనవాళ్ళు నొచ్చుకున్నారు, అది దోస్తీ అని పాట కట్టి మరీ చెప్పాం కదా అని. నాకు అభ్యంతరమేమీ లేదు, నేనూ ఈల వేశాను. ఆ భుజాల మీద జరిగినదాంట్లో పదోవంతు అలియా భట్, ఒలీవియా మోరిస్ మధ్య జరిగుంటే ఆ సినిమా ఆస్కార్ మాట దేవుడెరుగు, ఆముదాలవలస దాకా వచ్చేదా అని మాత్రం అనుమానం.

కాబట్టి తెలుగులో ఇలాంటి కథ రాసుకున్న అమ్మాయి ఎవరైనా ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసు గుమ్మం తొక్కినా జరగబోయేది నేనిక్కడ కూర్చునే చెప్పగలను. నిర్మాతగారు మంచివారే అనుకుందాం. టీ తెప్పిస్తారు. ఫోన్ సైలెంట్‌లో పెడతారు. అమ్మాయి కథ చెప్తుంది.

తణుకులో ఒక లేడీస్ టైలరు. మూడు వీధుల అవతల కో-ఆపరేటివ్ బ్యాంకులో ఒక క్యాషియరు. క్యాషియరు జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తుంది, ఎప్పుడొచ్చినా సంచిలో ఆది జాకెట్టు తెస్తుంది. అలా చాలా పండగలు గడుస్తాయి. ఒకరోజు ఆమె సంచిలోంచి ఆది తియ్యబోతుంటే టైలరు మెడలో టేపు సర్దుకుంటూ, తలెత్తకుండా, "ఆది అక్కర్లేదు లెండి, మీ కొలత నాకు తెలుసు" అంటుంది. అంతే సీను. రిటైరైన ఆర్టీసీ కండక్టరు నాన్న, గ్రూప్-2కి చదివే తమ్ముడు, మేడ మీద వాటాలో వితంతు అత్తయ్య, ఆమె కోసం రోజూ మల్లెపూలు తెచ్చే పక్కింటి మాస్టారు, అందరికీ తలొక ప్రేమా ఉంది.

"బాగుందమ్మా," అంటారు నిర్మాతగారు. నిజంగానే కళ్ళు తుడుచుకుంటారు. "ఆ టైలర్ని మగాణ్ణి చేస్తే?"

"అప్పుడది వేరే కథ సార్."

"నేననేదీ అదే. వేరే కథ చెయ్యి. సరే, అమ్మాయే అనుకో. ఫ్లాష్‌బ్యాక్‌లో ఎవడో మోసం చేశాడని పెడదాం. అందుకే మగాళ్ళంటే అసహ్యం."

"ఎవరూ మోసం చెయ్యలేదు సార్. నాన్న మంచివాడు, తమ్ముడూ మంచివాడే."

"మరి కారణం ఉండాలి కదమ్మా? ఊరికే ఎలా ప్రేమిస్తుంది?"

"మీ లాస్ట్ సినిమాలో హీరోకి, ఆ అమ్మాయి ఆటో దిగుతుండగా చున్నీ మొహం మీద పడితే ప్రేమ పుట్టింది కదా సార్."

"అది ప్రేమమ్మా!"

టీ చల్లారుతుంది. నిర్మాతగారు నొచ్చుకునే మనిషి కాదు, దారి వెతుకుతారు. ఒకమ్మాయిని చివర్లో చంపేద్దామంటారు, ఆడవాళ్ళు ఏడుస్తారు, కలెక్షన్లకి ఢోకా ఉండదు. ఎవరూ చావరంటుంది అమ్మాయి. ఫైటేదీ అంటారు. కరెంటు మీటరు ఎవరి పేరున పెట్టాలని ఒక గొడవుందంటుంది. క్లైమాక్సేమిటంటే, క్యాషియరు తన బ్యాంకు ఖాతాకి నామినీ ఫారం నింపుతుంది, టైలరు పేరు రాస్తుంది, సంబంధం అన్న గడి దగ్గర కలం ఆగుతుంది, నాన్న కళ్ళజోడు సర్దుకుని పక్కన నిలబడి ఉంటాడు.

"ఫారం నింపడం క్లైమాక్సా?"

అమ్మాయి ఓపిగ్గా వివరిస్తుంది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి పెళ్ళి హక్కు ఇవ్వలేమంది, ఆ కేసు ముందుగా వేసిన జంట మన హైదరాబాదువాళ్ళే. మరుసటి ఏడాది ఆగస్టులో కేంద్రం మాత్రం జాయింటు ఖాతా తెరుచుకోవచ్చు, ఒకరికొకరు నామినీగా పెట్టుకోవచ్చు, అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. మన కథలో ఇద్దరికీ ప్రస్తుతం దేశం ఇచ్చిందల్లా దాదాపు ఆ గడే సార్, అందుకని క్లైమాక్సు అక్కడే పెట్టాను అంటుంది.

నిర్మాతగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తారు. నైజాం బయ్యరు ముఖం, సీడెడ్ బయ్యరు ముఖం వరసగా కళ్ళముందు మెదులుతాయి. పోనీ ఓటీటీకి చేద్దామా అంటారు. ఓటీటీ అంటే ఏమిటో మనకి తెలుసు: సంస్కృతిని కాపాడే ఇంట్లోవాళ్ళందరూ తలొక గదిలో, చెవిలో ఇయర్‌ఫోన్లతో, అర్ధరాత్రి చూసే చోటు. అక్కడివాళ్ళు కూడా ముందు హీరో ఎవరని అడుగుతారట. చివరికి ఆయన లేచి, అమ్మాయి భుజం తట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతారు.

"నాకు నచ్చిందమ్మా, మనం చేస్తున్నాం. హీరో కాల్షీట్లు దొరగ్గానే ఫోన్ చేస్తాను."

"ఇందులో హీరో లేడు కదా సార్?"

"అందుకేనమ్మా, దొరకడానికి కొంచెం టైం పడుతుంది."